ఆదివారం ఈత

పళ్లెం ముట్టలేదు.

మంచం పక్కన స్టూలు మీద అక్క పెట్టిన పళ్లెం పెట్టినట్టే ఉంది. కూర చల్లారి పైన తెట్టు కట్టింది. తమ్ముడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిరిగింది నడుం పైభాగం ఒక్కటే. జ్వరం వెళ్తూ వెళ్తూ నరాల్లో వదిలిపోయిన జబ్బు అతని కాళ్లను ఎవరు ఎటు సర్దితే అటే ఉంచేస్తోంది.

"అన్నం మీద అలిగితే కాళ్లు వస్తాయట్రా?" అంది అక్క.

తమ్ముడు గోడ మీది పెచ్చును గోటితో గీకాడు.

"ఉప్పు ఎక్కువైతే చెప్పు. హాస్టల్లో అంతమంది పిల్లలకి వండిన చెయ్యి ఇది. ముగ్గురికి వండాలంటే కొలత అందదు."

"బాల్కనీలో ఆరేసింది ఎవరి చొక్కా?"

అక్క కిటికీలోంచి చూసింది. తీగ మీద నీలం టీషర్టు వేలాడుతోంది. అంచు నుంచి ఇంకా బొట్లు కారుతున్నాయి. వీపు మీద 'కోచ్' అన్న తెల్లటి అక్షరాలు సగం రాలిపోయాయి. స్విమ్మింగ్ పూల్ గట్టున, మెడలో విజిల్‌తో, ఏళ్ల తరబడి అతను తొడుక్కున్న చొక్కా అది. ఊళ్లో అందరూ అతన్ని పిలిచేది ఆ అక్షరాలతోనే.

"నీదే," అంది అక్క.

"నాదని నాకూ తెలుసు. నేను మంచం దిగలేదు కదా. మరి అదెలా తడిసింది?"

హాస్టల్ పిల్లలంతా ఒక్కసారి మీద పడి అడిగినా తడుముకోని మనిషి, ఇప్పుడు పళ్లేన్ని అటు తిప్పి ఇటు తిప్పింది.

వంటింట్లో కుళాయి ఆగింది. కోచ్ భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. జుట్టు ఇంకా తడిగా ఉంది. ముక్కు మీద కళ్లద్దాలు ఆనే చోటుతో సహా మొహమంతా ఎండకు ఎర్రగా కమిలింది.

"నేనే వేసుకున్నాను," అంది.

అతను తల తిప్పాడు. ఆమె మొహాన్ని కాసేపు చూశాడు. ఆ ఎరుపు అతనికి బాగా తెలిసిన ఎరుపు. వేసవి మొదట్లో కొత్త బ్యాచ్ పిల్లల మొహాలన్నీ అలాగే ఉండేవి.

"ఆదివారాలు చెరువు గట్టు మీద కూర్చుని గాలి పీల్చుకుని వస్తున్నావనుకున్నాను."

"మొదట్లో అంతే."

"గట్టు మీద కూర్చుంటే చొక్కా తడవదు."

"తడవదు. నీళ్లలో దిగాను."

"నువ్వా?"

"నేనే."

అతను నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. "మోకాళ్ల దాకానా?"

"తేలాను," అందామె.

అక్క పళ్లెం పట్టుకుని అలాగే నిలబడింది.

పెళ్లయిన కొత్తలో భార్యకు ఈత నేర్పాలని అతనికి ఎంతో సరదా ఉండేది. మెడలోతు కూడా లేని చోట దింపితే ఆమె భయంతో అతని మెడకు చుట్టుకుపోయింది. గట్టు మీద పిల్లల బ్యాచ్ మొత్తం చూస్తోంది. అతనికి చిన్నతనమనిపించింది. 'రాయిని తెచ్చి నీళ్లలో వేశాన్రా' అన్నాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత ఎప్పుడూ పూల్ మెట్ల దగ్గరికి కూడా రాలేదు.

"ఎవరు నేర్పారు?"

ఆమె చేతులు తుడుచుకుంది. అవి అప్పటికే ఆరిపోయాయి.

"బుడగ," అంది.

బుడగ అంటే ఆ రోజు గట్టు మీద నవ్విన పిల్లల్లో ఒకడు. నీళ్లలో తల పెట్టి బుడగలు వదలడం తప్ప ఏదీ రాని పిల్లవాడు. వాణ్ణి చెయ్యి పట్టి పోటీల దాకా తీసుకెళ్లింది కోచే. ఇప్పుడు కోచ్ మంచం ఎక్కాక, పూల్‌లో ఆ విజిల్ బుడగ మెడలో ఉంది.

"వాడా," అన్నాడు కోచ్. "నా ఉద్యోగం చూసుకుంటున్నాడు. నా పూల్ చూసుకుంటున్నాడు. ఇక మిగిలింది నువ్వేగా."

"ఒరేయ్," అంది అక్క.

"నేను నేర్పితే రాలేదు. వాడు చెయ్యి పెడితే వచ్చిందా?"

ఆమె గొంతు పెంచలేదు. "మీరు అలా అడిగితే నా దగ్గర జవాబు లేదు."

"లేకపోతే నేను చెప్పనా?"

"చెప్పండి. ఎలాగూ నాకు తెలియనివన్నీ మీకు తెలుసు."

"రోజంతా ఈ పైకప్పు చూస్తూ పడుంటాను నేను. అక్కడేమో నా చొక్కా వేసుకుని, నా దగ్గర ఈత నేర్చుకున్నవాడి చేతుల్లో నువ్వు ఆకాశం చూస్తూ తేలుతావు. బావుంది. చాలా బావుంది."

"మీరేగా వెళ్లమన్నది."

"గాలి పీల్చుకోమన్నాను. సుఖపడమనలేదు."

అన్నాక ఆ మాట అతనికే వినబడింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

అప్పుడే అక్క పళ్లేన్ని స్టూలు మీద చప్పుడయ్యేలా పెట్టింది. "నీకెందుకురా అంత కుళ్లు? ఆవిడ చూడకుండా నువ్వు లేచి నిలబడలేదూ?"

నోటి నుంచి జారాక అక్క పెదవి కొరుక్కుంది. తమ్ముడు కళ్లు మూసుకున్నాడు.

గుమ్మంలో ఉన్నామె ఒక్క అడుగు లోపలికి వేసింది. "నిలబడ్డారా?"

అక్క కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"వదినా, నిలబడ్డారా ఈయన?"

"పోయిన ఆదివారం," అంది అక్క నేల చూస్తూ. "నా భుజం పట్టుకుని. కిటికీ దగ్గర. కాసేపే."

ఆమె భర్త కాళ్లను చూసింది. దుప్పటి కింద రెండు గీతల్లా ఉన్నాయి. పొద్దునా సాయంత్రం నూనె రాసి, మడిచి, చాచి, ఒక్కో వేలూ విడదీసి కదిపించిన కాళ్లు. కళ్లద్దాల షాపులో పని నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే ఆమె చేతులు వెళ్లేది వాటి మీదికే. ఎన్నోసార్లు అనుకుంది, మొదటిసారి నిలబడేటప్పుడు తను ఎదురుగా ఉంటానని, రెండు చేతులూ చాచి. అది అయిపోయిందన్నమాట. ఆమె లేనప్పుడు, వేరే భుజం మీద.

"వారం రోజులు నాకు చెప్పలేదు," అంది.

"చెబితే నొచ్చుకుంటావని..." అక్క నసిగింది.

"ఎవరు నొచ్చుకుంటారని? నేనా?" ఆమె మంచం అంచున కూర్చుంది. "పోయిన ఆదివారం నుంచి ఇవాళ్టి దాకా రోజూ కాళ్లు పట్టాను. రోజూ అడిగాను, ఏమైనా తెలుస్తోందా అని. లేదన్నారు."

అతను మళ్లీ గోడవైపు తిరిగాడు.

ఆమె స్టూలు తన వైపు లాక్కుంది. పళ్లెం ఒళ్లో పెట్టుకుని ముద్ద కలిపి తినడం మొదలుపెట్టింది. అన్నా చెల్లెళ్ల పోట్లాటలో ఒకరి వాటా ఇంకొకరు తిన్నట్టు, కసిగా తింది.

"అది వాడికి పెట్టింది, అమ్మాయ్," అంది అక్క మెల్లగా.

"ఆయనకి అక్కర్లేదుగా. ఈదితే ఆకలేస్తుందని ఈయనే అనేవారు. నిజమే, బాగా ఆకలేస్తోంది."

పళ్లెం ఖాళీ చేసి, తీసుకెళ్లి కడిగి బోర్లించింది.

*

ఆ వారమంతా ఇంట్లో మాటలు అక్క మీదుగా నడిచాయి.

"వదినా, మందు వేసుకున్నారేమో అడగండి."

"అక్కా, వేసుకున్నానని చెప్పు."

"నేనేమైనా టెలిఫోన్ వైరునా?" అని అక్క విసుక్కుంది. కానీ రెండు వైపులా చేరవేసింది.

కాళ్లు పట్టడం మాత్రం ఆమె మానలేదు. మాట్లాడకుండా పట్టింది. అతను మాట్లాడకుండా కాళ్లు పట్టించుకున్నాడు. మడమ కింద ఆమె వేళ్లు ఆగినప్పుడల్లా, కాలు కదిలిద్దామని అతనికి అనిపించేది. కదిలితే ఆమె మొహం ఎలా అవుతుందో చూడాలని ఉండేది. కదిలేది కాదు.

షాపులో ఆమె పని లెన్సుల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం. తిరిగే రాయి మీద సన్నగా నీళ్లు పడుతుంటే, గాజును రెండు వేళ్లతో ఆనించి తిప్పాలి. మనసు ఇంకెక్కడ ఉన్నా వేళ్లు అక్కడే ఉండాలి. ఆ వారం ఒక లెన్సు చిట్లింది. షాపు యజమాని కేక వేయలేదు గానీ చిట్లిన ముక్కను వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇంట్లో ఎలా ఉంది?" అని అడిగాడు.

"నిలబడుతున్నారట," అందామె.

'ట' అనడం ఆమెకే వింతగా అనిపించింది. ఎవరో పక్కింటి వాళ్ల సంగతి చెబుతున్నట్టు.

ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతూ అక్కే కదిపింది.

"వాడు ఎందుకు లేచాడో అడగవా?"

"నాకెందుకు వదినా."

"ఆ ఆదివారం నీ బస్సు వచ్చే వేళయింది, నువ్వింకా రాలేదు. కిటికీలోంచి వీధి కనబడుతుంది కదా, చూద్దాం లేపు అన్నాడు. పడతావురా అన్నాను. లేపుతావా లేదా అన్నాడు. పళ్లు కొరుక్కుంటూ లేచాడు." అక్క కత్తి ఆపింది. "ప్రేమ అనుకుని మురిసిపోకు. ఉత్త కుళ్లు. నువ్వు ఎక్కడో హాయిగా ఉన్నావన్న కుళ్లుతో లేచాడు. డాక్టరు రాయని మందు అది."

ఆమెకు నవ్వు వచ్చింది. ఆపుకుంది. తరవాత అడిగింది, "నేను కనిపించానా?"

"వీధి చివర కనిపించావు. పాట ఏదో పాడుకుంటూ వస్తున్నావన్నాడు. చటుక్కున కూర్చోబెట్టమన్నాడు."

ఆమె ఉల్లిపాయ పొట్టు చేతిలో పట్టుకుని ఉండిపోయింది. పాడుకుంటూ వచ్చిన సంగతి ఆమెకే తెలియదు.

*

బుడగ వారం మధ్యలో ఒకసారి సార్‌ని చూడడానికి వస్తాడు. ఈసారీ కమలాపండ్లు తెచ్చాడు. ఎప్పటిలాగే మంచానికి కాస్త దూరంగా, పిలిస్తే తప్ప కూర్చోని విద్యార్థిలా నిలబడ్డాడు. భార్య ఇంకా షాపు నుంచి రాలేదు.

"కూర్చో," అన్నాడు కోచ్. గొంతు చాలా మర్యాదగా ఉంది. అక్కకు ఆ మర్యాద నచ్చలేదు. పని లేకపోయినా గదిలోనే తచ్చాడింది.

"పూల్ ఎలా ఉంది?"

"ఫిల్టర్ మార్చాం సార్. చిన్నపిల్లల బ్యాచ్ నిండింది."

"ఆదివారాలు చెరువు దగ్గర పెద్దవాళ్లకి నేర్పుతున్నావట."

"ఇద్దరు ముగ్గురు వస్తారు సార్. పూల్‌లో పిల్లల ముందు దిగడానికి సిగ్గుపడేవాళ్లు."

కోచ్ కనురెప్ప ఒకసారి అదిరింది. "చెయ్యి ఎక్కడ పెట్టావు?"

"సార్?"

"తేలడం నేర్పేటప్పుడు. వీపు కిందా, తల కిందా?"

బుడగకు అప్పుడు అర్థమైంది, అడుగుతున్నది ఎవరి గురించో. చెవులు ఎర్రబడ్డాయి. "తల కింద, సార్. రెండు వేళ్లు. మీరు చెప్పినట్టే."

"నేను చెప్పినట్టే." కోచ్ తలూపాడు. "ఏం చెప్పావు ఆవిడకి?"

"ఏమీ చెప్పలేదు సార్."

"ఏమీ చెప్పకుండా ఎవరూ తేలరు."

"మేడమే వద్దన్నారు సార్. మాట్లాడకుండా నేర్పగలవా అని అడిగారు. సరే అన్నాను."

కోచ్ తన జీవితంలో మాట్లాడకుండా ఎవరికీ ఏదీ నేర్పలేదు. అతని గొంతు పూల్ అవతల వీధిలోకి కూడా వినిపించేదని అందరూ గొప్పగా చెప్పేవారు.

"అంతకుముందు ఏం చేసేది? దిగకముందు."

"నిద్రపోయేవారు సార్. గడ్డి మీద. వచ్చీ రాగానే. చాలా గాఢంగా. ఎండ మొహం మీదికి వస్తోందని ఒకసారి నా గొడుగు పక్కన గుచ్చి..." బుడగ ఆగాడు. ఇది చెప్పాల్సింది కాదేమో అన్నట్టు అక్క వైపు చూశాడు. అక్క కమలాపండ్లను గిన్నెలో పేర్చడంలో మునిగిపోయినట్టు నటించింది.

"గొడుగు," అన్నాడు కోచ్.

"సార్, మీరు వేరేలా అనుకుంటే నేను ఆదివారాలు మానేస్తాను."

"నేనేమన్నాను? గొడుగు పెట్టావు, మంచి పని చేశావు. నేను పెట్టలేను కదా."

బుడగ టీ తాగకుండానే వెళ్లాడు. మెట్ల మీద అతనికి ఎదురైన ఆమె పలకరిస్తే, తల వంచుకుని పక్కకు తప్పుకున్నాడు. ఆమె పైకి వచ్చి గదిలోకి తొంగి చూసింది.

"ఏమన్నారు ఆ అబ్బాయిని?"

వారంలో నేరుగా అడిగిన మొదటి మాట అది. అతను కూడా నేరుగానే జవాబు చెప్పాడు.

"ఈ ఆదివారం నేనూ వస్తాను."

ఆమె చేతిలో సంచి కింద పెట్టలేదు. "ఎందుకు?"

"గాలి పీల్చుకోడానికి. నాకు మాత్రం అక్కర్లేదా?"

కావాలనే ఆ మాట అన్నాడని ఆమెకు తెలుసు. కాదనడానికి దారి లేదు. డాక్టరు కూడా వెలుతురులోకి తీసుకెళ్లమనే చెప్పాడు. ఒక మంచి భార్య అయితే ఎగిరి గంతేయాలి. ఆమెకు మాత్రం, దాచుకున్నదేదో ఎవరో సొరుగు లాగి తీసినట్టు అయింది.

"సరే," అంది.

ఆ 'సరే' రావడానికి పట్టిన సమయాన్ని అతను వదల్లేదు. రాత్రి అన్నం తింటున్నంతసేపూ దాన్నే నమిలాడు.

*

ఆదివారం టాక్సీ వెనక చక్రాల కుర్చీ, ముందు అక్క, ఆమె ఒళ్లో ఒక ఊరికి సరిపడా రొట్టెలు.

"మనం ముగ్గురమే కదా వదినా."

"చెరువు దగ్గర ఆకలేస్తుంది," అంది అక్క. "ఈదేవాళ్లకి ఈత ఆకలి, చూసేవాళ్లకి చూపు ఆకలి."

గట్టు మీద గడ్డి పొద్దుటి తేమతో ఉంది. చక్రాలు దిగబడుతుంటే అక్కా ఆమే కలిసి తోశారు. నీటి దగ్గర చదునైన చోట కుర్చీ ఆపారు. కోచ్ ముక్కుపుటాలు ఎగరేసి గాలి పీల్చాడు. నీటి వాసన. పూల్ మందు వాసన కాదు, నాచూ బురదా ఎండా కలిసిన అసలు నీటి వాసన. ఇన్ని వారాలూ ఆమె ఇది పీల్చి ఇంటికి వచ్చేది. ఇంత మంచిది పీల్చి, ఇంటికి వచ్చి, ఏం లేదు ఊరికే కూర్చున్నాను అనేది.

బుడగ దూరంగా నడుంలోతు నీళ్లలో ఉన్నాడు. ఒక లావాటి పెద్దమనిషికి కాళ్లు ఆడించడం నేర్పుతున్నాడు. సార్‌ని చూసి చెయ్యెత్తి నమస్కరించాడు, అంతే. అక్కణ్ణించి కదల్లేదు. ఇటు రాకూడదని ముందే అనుకుని వచ్చినవాడిలా ఉన్నాడు.

ఆమె కళ్లద్దాలు తీసి భర్త చేతికిచ్చింది. "పట్టుకోండి."

"ఇదివరకు ఎవరికిచ్చేదానివి?"

"చెప్పులో పెట్టేదాన్ని."

ఆ నీలం చొక్కాతోనే మెల్లగా నీళ్లలోకి నడిచింది. మోకాలు, నడుం, ఛాతీ. ఒక్క క్షణం ఆగింది. తరవాత, ఎవరో మంచం వేసి ఉంచినట్టు, వెనక్కి వాలింది.

తేలింది.

ఏ చెయ్యీ లేదు కింద. వేళ్లు లేవు. బుడగ అటు తిరిగి ఉన్నాడు. జుట్టు చుట్టూ పరుచుకుంది. చేతులు రెండూ వదులుగా పక్కకు తెరుచుకున్నాయి. అతను పెళ్లయినప్పటి నుంచీ చూస్తున్న మొహమే, కానీ ఎప్పుడూ అంత ఖాళీగా చూడలేదు. పని లేదు, జవాబు లేదు, ఎవరి కోసమూ లేదు. ఆ మొహంలో తను ఎక్కడా లేడు.

వారమంతా వేరే చెయ్యిని ఊహించుకుని ఉడికిపోయాడు. చెయ్యి ఉండి ఉంటే బావుండేదేమో. దాన్ని తిట్టుకోవచ్చు.

అప్పుడు అతని కన్ను పట్టుకుంది. తల పైకి లేస్తోంది. నడుం కిందికి జారుతోంది. ఇంకాసేపట్లో కాళ్లు దిగుతాయి. అది చూసి ఊరుకోవడం అతని ఒంట్లో లేదు.

"తల వెనక్కి! నడుం పైకెత్తు, నడుం!"

గొంతు చెరువు అవతలి గట్టుకు తగిలి తిరిగొచ్చింది. పెద్దమనిషి కాళ్లు ఆడించడం ఆపేశాడు. బుడగ గిరుక్కున తిరిగాడు. నీళ్లలో ఉన్నామె ఉలిక్కిపడి ముడుచుకుపోయింది. తల మునిగింది. చేతులు కొట్టుకుంది. తరవాత కాళ్లు నేలకు తగిలి లేచి నిలబడి, దగ్గుతూ, ముక్కులోంచి నీళ్లు చీదుతూ ఉండిపోయింది. ఛాతీలోతే. ప్రమాదం ఏమీ లేదు. అయినా గట్టు మీద అందరూ చూస్తున్నారు.

ఆమె బయటికి వచ్చింది. కుర్చీ పక్కన గడ్డి మీద కూర్చుని జుట్టు పిండుకుంది. అక్క తువ్వాలు ఆమె భుజాల మీద కప్పి, రొట్టెల సంచి తీసుకుని కొంచెం అవతలికి వెళ్లి కూర్చుంది.

"నడుం జారుతోంది," అన్నాడతను. "మునిగిపోతావని."

"మునగలేదు. మీరు అరిచాక మునిగాను."

అతను కళ్లద్దాలను రెండు చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు.

"నేనిక్కడికి ఈత కోసం రావట్లేదు," అందామె. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇంట్లో నిద్రపోతున్నా ఒక చెవి మీ గదిలోనే ఉంటుంది. షాపులో ఉన్నా అంతే, ఫోను మోగుతుందేమోనని. నీళ్లలో వాలితే చెవులు మునుగుతాయి. ఏమీ వినబడదు. నాకు అదొక్కటే కావాలి. ఇవాళ చెవులు మునిగాక కూడా మీ గొంతు వినబడింది."

"అంటే నా గొంతు వినబడకుండా ఉండడానికి వస్తున్నావు."

కాదంటుందని అతను ఎదురుచూశాడు. ఆమె తువ్వాలు అంచుతో చెవి తుడుచుకుంది.

"అవును," అంది. "కాసేపు."

అక్క అవతల రొట్టె నమలడం ఆపింది.

"నేను లేనప్పుడు మీరు నిలబడ్డారని వారమంతా ఏడ్చాను," అందామె మళ్లీ. "మీకు తెలియకుండా, షాపులో ఆ తిరిగే రాయి చప్పుడులో. నా కాళ్లు అవి అనిపించింది, మీవి కానట్టు. ఇప్పుడనిపిస్తోంది, నేనక్కడ ఉంటే పడతారని అరిచేదాన్ని. మీరు కూలబడేవారు. వదిన కాబట్టి నోరు మూసుకుని భుజం ఇచ్చింది."

"అక్క నోరు మూసుకోవడం నువ్వు నమ్ముతావా?"

ఆమె పెదవుల చివర కొంచెం కదిలింది. అంతలోనే సర్దుకుంది.

"వచ్చే ఆదివారం నేనొక్కదాన్నే వస్తాను," అంది. "ఆ తర్వాతి ఆదివారం కూడా."

ఆమె తనని అడగలేదని అతను గమనించాడు. ఇన్నేళ్లలో ఆమె ఏ మాటా ఇలా ముగించలేదు. చివర ఎప్పుడూ 'ఏమంటారు' ఉండేది. అతను దాని కోసం ఆగాడు. రాలేదు.

నీళ్ల మీద ఎండ పైకొచ్చింది. లావాటి పెద్దమనిషి బయటికొచ్చి తువ్వాలు వెతుక్కుంటున్నాడు. బుడగ ఒక్కడే నీళ్లలో మిగిలాడు.

"ఇవాళ నీకు ఆ 'కాసేపు' దక్కలేదు," అన్నాడు కోచ్ చివరికి. మాటలు ఒక్కొక్కటే బయటికి లాగినట్టు వచ్చాయి. "మళ్లీ వెళ్లు. నేను అటు తిరిగి కూర్చుంటాను."

ఆమె అతని మొహంలోకి చూసింది. కళ్లద్దాలు లేక కళ్లు చిట్లించింది. వెక్కిరిస్తున్నాడో నిజంగానే అంటున్నాడో ఆమెకు సరిగా కనబడలేదు.

"అక్కా, కుర్చీ తిప్పు."

అక్క వచ్చి కుర్చీని రోడ్డు వైపు తిప్పింది. ఎదురుగా టాక్సీ, అందులో కాళ్లు చాచి నిద్రపోతున్న డ్రైవరు, చెత్తకుండీ, మూసి ఉన్న టీ కొట్టు. చూడడానికి ఇంకేమీ లేదు. వెనక గడ్డి మీద తడి పాదాల చప్పుడు నీళ్ల దాకా వెళ్లి ఆగింది. తరవాత నీళ్లు మెల్లగా కదిలిన చప్పుడు. తరవాత ఏమీ లేదు.

ఏమీ వినబడకపోవడం అతనికి అన్నిటికంటే కష్టంగా ఉంది. తేలుతోందా? నడుం జారుతోందా? గొంతులోకి వచ్చిన మాటను ఉమ్మి మింగినట్టు మింగాడు. ఒకసారి, ఇంకోసారి.

అక్క రొట్టె ముక్క చేతిలో పెట్టింది. నోట్లో పెట్టుకోకుండా పట్టుకున్నాడు.

వెనక నుంచి నవ్వు వినిపించింది. ఆమెదే. అయినా అతనికి తెలిసిన నవ్వు కాదు. నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకోకుండా, నీళ్ల మీదుగా సాగిన నవ్వు.

"ఎందుకు నవ్వుతోంది?" అన్నాడు.

"నాకేం తెలుసు? నేనూ టాక్సీనే చూస్తున్నాను," అంది అక్క.

మళ్లీ నవ్వు. ఈసారి పక్కనే ఇంకో గొంతు ఏదో అంది. మగగొంతు. రెండు మాటలే, అర్థం కాలేదు. ఆ తర్వాత రెండు నవ్వులూ కలిసి వినబడ్డాయి.

ఆమె కళ్లద్దాలు ఇతని ఒళ్లోనే ఉన్నాయి. ఇతను ఇప్పుడు వెనక్కి తిరిగినా అంత దూరం నుంచి ఆమెకు కనబడదు. తిరిగాడని ఆమెకు ఎప్పటికీ తెలియదు.

రొట్టె ముక్క గడ్డిలో పడింది. అతని రెండు చేతులూ చక్రాల మీదికి వెళ్లాయి.

"ఒరేయ్," అంది అక్క, చాలా నెమ్మదిగా.